కడుపు శుభ్రానికి చూర్ణం, ఒంట్లో పొటాషియం 2.7: ఒక కేస్ స్టడీ

రాత్రి పడుకునే ముందు చెంచాడు చూర్ణం, పొద్దున్నే గ్లాసుడు పచ్చ జ్యూసు. హైదరాబాద్‌లో ఏ జనరల్ మెడిసిన్ ఓపీలో కూర్చున్నా ఈ అలవాటు ఉన్నవాళ్లు తగులుతూనే ఉంటారు. చాలామందికి ఏమీ కాదు. ఈ కేసులో అయింది. ఎందుకైంది, ఏ ప్రశ్న అడిగితే బయటపడింది, మానిపించేటప్పుడు ఏం అడ్డుపడింది అన్నవి ఓపీ చూసే జూనియర్లకు పనికొస్తాయని రాస్తున్నాం. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాం.

నేపథ్యం

నలభై ఐదు దాటిన మహిళ. నగరానికి పడమటి వైపు ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగం, రానూపోనూ ట్రాఫిక్‌లోనే రెండు గంటల పైన. రెండు కాన్పులు, రెండూ మామూలువే. షుగర్ లేదు. బీపీకి రెండేళ్లుగా టెల్మిసార్టాన్ 40 మి.గ్రా., క్లోర్‌థాలిడోన్ (నీటిని, ఉప్పును మూత్రంలో పంపే డయూరెటిక్) 12.5 మి.గ్రా. కలిసిన మాత్ర.

తిండి విషయానికొస్తే పొద్దున టీ, రెండు బిస్కెట్లు. టిఫిన్ కుదిరితే కుదిరినట్టు. మధ్యాహ్నం క్యాంటీన్ అన్నం, రాత్రి తొమ్మిది దాటాక మళ్లీ అన్నం. ఊళ్లో ఉన్నన్నాళ్లు రాత్రిపూట జొన్నరొట్టె ఉండేది, సిటీకి వచ్చాక అది పోయింది. పొద్దున ఇంట్లో హడావిడి, ఆఫీసులో బాత్రూంకి వెళ్లడం ఇష్టం లేదు. కాబట్టి మోషన్ వచ్చినా ఆపుకోవడం ఏళ్లుగా అలవాటు. మలబద్ధకం అక్కడ మొదలైంది.

ఏ బాధతో వచ్చారు

వచ్చింది కడుపు కోసం కాదు. రాత్రుళ్లు పిక్కలు పట్టేయడం, మెట్లెక్కితే తొడల్లో సత్తువ లేకపోవడం, గుండె దడ. నెలన్నరగా పెరుగుతూ వచ్చాయి. కారణం కూడా తనే చెప్పారు, ఒంట్లో టాక్సిన్స్ ఎక్కువయ్యాయని. ఆవిడ మాటల్లోనే: “పొద్దుగాల కడుపు సాఫ్ గాకపోతే దినమంతా పానం బాగుండది సార్. ఎంత క్లీన్ చేసుకున్నా లోపలికెల్లి ఇంకా వస్తనే ఉన్నది.”

ఏం మందులు వాడుతున్నారంటే బీపీ మాత్ర ఒక్కటే అన్నారు. అబద్ధం కాదు. చూర్ణం ఆవిడ లెక్కలో మందు కాదు, ఆకుపొడి. “మోషన్ కోసం ఇంట్లో ఏం తీసుకుంటారు?” అని వేరేగా అడిగితేనే బయటికొచ్చింది. డబ్బా లేబుల్ ఫొటో తెప్పించి చూస్తే సగానికి పైగా సునాముఖి ఆకు, అంటే నేలతంగేడు. ఏడాది కింద ఒక టీస్పూనుతో మొదలై అప్పటికి మూడుకు చేరింది. దానికి తోడు పొద్దున పెద్ద కట్ట పచ్చి పాలకూర, రెండు ఉసిరికాయలు, నిమ్మరసం కలిపి జ్యూసు. ఆదివారం పరగడుపున రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో నాలుగు టీస్పూన్ల ఉప్పు కలిపి తాగి విరేచనాలు చేసుకోవడం. నాలుగు టీస్పూన్లంటే ఇరవై గ్రాముల పైమాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. బీపీ ఉన్న మనిషి ఒక్క పొద్దునలో నాలుగు రోజుల ఉప్పు తాగుతున్నారన్నమాట.

పరీక్షలో పడుకున్నప్పుడు బీపీ 104/70, లేచి నిలబడితే 88/60, కళ్లు తిరిగాయి. నాడి మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పుతోంది. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవలేకపోయారు. పొట్ట మెత్తగానే ఉంది, గడ్డల్లాంటివి తగల్లేదు.

మొదటి నిర్ణయం: అడ్మిట్ చేయాలా

రక్తంలో పొటాషియం 2.7 (మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి), మెగ్నీషియం 1.4, బైకార్బొనేట్ 31, క్రియాటినిన్ 1.3, హిమోగ్లోబిన్ 11.2. ఈసీజీలో టీ తరంగం చదునైపోయి, దాని వెనకాల యూ తరంగం లేచింది, పొటాషియం తగ్గితే కనిపించే మార్పే ఇది. థైరాయిడ్, కాల్షియం, లివర్ పరీక్షలు బాగున్నాయి.

పొటాషియం 3కి పైన ఉండి, ఈసీజీ బాగుంటే సిరప్ రాసి ఇంటికి పంపవచ్చు. ఇక్కడ కండరాల నీరసం, ఈసీజీ మార్పు రెండూ ఉన్నాయి, అందుకని మానిటర్ మీద పెట్టాం. అర లీటరు సెలైన్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం క్లోరైడ్ రెండు గంటల్లో, అంటే గంటకు 10 చొప్పున ఎక్కించాం. డెక్స్‌ట్రోజ్‌లో కలపలేదు. గ్లూకోజ్‌కు ఇన్సులిన్ విడుదలై, ఎక్కించిన పొటాషియాన్ని కణాల్లోకి నెట్టేస్తుంది, రక్తంలో ఇంకా పడిపోవచ్చు. నోటితో 15 మి.లీ. సిరప్, అంటే 20 మిల్లీ ఈక్వివలెంట్లు, రోజుకు మూడుసార్లు, గ్లాసు నీళ్లలో కలిపి తిండి తర్వాత. నీళ్లు కలపకుండా తాగితే కడుపులో మంట, వాంతి.

సాయంత్రానికి పొటాషియం 2.9 దగ్గరే ఆగింది. ఆశ్చర్యం లేదు. మెగ్నీషియం తక్కువగా ఉన్నంతసేపు కిడ్నీ పొటాషియాన్ని పట్టి ఉంచలేదు, పోసినదాంట్లో చాలావరకు మూత్రంలో పోతుంది. 2 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ నెమ్మదిగా ఎక్కించాకే అంకె కదిలింది. మూడో రోజుకు 3.6.

పోతున్నది ఎక్కడినుంచి

ఈ ప్రశ్న వదిలేసి ఉంటే కేసు సగంలో ఆగేది. విరేచనాల్లో బైకార్బొనేట్ కూడా పోతుంది కాబట్టి, కారణం అవి మాత్రమే అయితే సాధారణంగా రక్తంలో అది తగ్గాలి. ఇక్కడ తగ్గకపోగా పెరిగి 31 ఉంది. మూత్రంలో పొటాషియం చూస్తే గ్రాము క్రియాటినిన్‌కు 34 మిల్లీ ఈక్వివలెంట్లు. ఒంట్లో ఇంత కొరత ఉన్నప్పుడు కిడ్నీ దాచుకోవాలి, ఆ అంకె 13 లోపు ఉండాలి. అంటే క్లోర్‌థాలిడోన్ మూత్రంలోంచి తీసేస్తోంది, సునాముఖి మలంలోంచి తీసేస్తోంది. ఒక్క బీపీ మాత్ర మార్చి పంపినా అంకెలు కొన్నాళ్లు బాగుపడేవి, అసలు అలవాటు అలాగే ఉండిపోయేది.

బీపీ ఉండి పొటాషియం తగ్గితే అడ్రినల్ గ్రంథిలో ఆల్డోస్టిరోన్ (ఉప్పును నిలిపి పొటాషియాన్ని మూత్రంలో పంపే హార్మోన్) ఎక్కువగా తయారవుతోందేమో అని కూడా చూడాలి. కానీ డయూరెటిక్ మీద, పొటాషియం తక్కువగా ఉన్నప్పుడు ఆ పరీక్ష చేస్తే ఫలితాన్ని నమ్మలేం. వాయిదా వేశాం. డయూరెటిక్ ఆపిన ఆరు వారాలకు, పొటాషియం 4 దాటాక చేయిస్తే అనుమానించాల్సిందేమీ రాలేదు.

ఇప్పుడు సునాముఖి సంగతి. అందులోని సెన్నోసైడ్లు చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకు వెళ్తాయి, అక్కడి బ్యాక్టీరియా వాటిని పనిచేసే రూపంలోకి మారుస్తుంది. అందుకే తిన్న ఆరు నుంచి పన్నెండు గంటలకు పనిచేస్తుంది. పేగు కదలిక పెరుగుతుంది, నీరూ లవణాలూ లోపలికి ఊరతాయి. మలంతోపాటు పొటాషియం పోతుంది. పేగు గోడలోని కండరం కదలడానికి కావలసింది ఆ పొటాషియమే. అది తగ్గేకొద్దీ పేగు మందగిస్తుంది, మోషన్ రాదు, చెంచా రెండవుతుంది. ఒకటి నుంచి మూడు టీస్పూన్లకు పెరగడానికి ఇదొక కారణం. ఇంకో కారణం తర్వాత డైరీలో దొరికింది.

పనిచేయనివి

డిశ్చార్జ్ అప్పుడు చూర్ణం పూర్తిగా బంద్, డయూరెటిక్ ఉన్న బీపీ మాత్ర బంద్, ఇసబ్‌గోల్ రెండు టీస్పూన్లు రోజుకు రెండుసార్లు, పచ్చి కూరగాయలు ఎక్కువ. కాగితం మీద తప్పుపట్టేదేమీ లేదు. వారం తిరక్కుండానే పొట్ట బెలూన్‌లా ఉబ్బింది, నాలుగు రోజులు మోషన్ లేదు. మలాన్ని బయటికి తోయడంలోనే ఇబ్బంది ఉన్నవాళ్లకు, పేగు ఇంకా మందంగా ఉన్నప్పుడు, పీచు ఒక్కసారిగా పెంచితే ముద్ద పెరుగుతుంది గానీ బయటికి రాదు, లోపల పులిసి గ్యాస్ అవుతుంది. లాక్టులోజ్ 20 మి.లీ.కి మార్చాం. అది కూడా పెద్దపేగులో పులిసే చక్కెరే కాబట్టి గ్యాస్ తగ్గకపోగా పెరిగింది. మూడు రోజులకే ఆపారు.

అంతకన్నా పెద్ద దెబ్బ వాపు. చూర్ణం ఆపిన అయిదారు రోజులకు పాదాలు ఉబ్బాయి, బరువు రెండున్నర కిలోలు పెరిగింది, ఉంగరం బిగిసింది. నెలల తరబడి నీరు, ఉప్పు పోతుంటే శరీరం ఆల్డోస్టిరోన్ పెంచుకుని వాటిని పట్టి ఉంచడం నేర్చుకుంటుంది. పోవడం హఠాత్తుగా ఆగినా ఆ హార్మోన్ వెంటనే తగ్గదు, రెండు మూడు వారాలు పడుతుంది. ఆలోగా తిన్న ఉప్పంతా నిలవే. ఆవిడ దీన్ని టాక్సిన్లు నిండిపోతున్నాయనడానికి రుజువుగా తీసుకున్నారు. ఇంట్లోవాళ్లు కూడా “చూర్ణం మానేసినందుకే ఇట్ల అయింది” అన్నారు, అది ఒక రకంగా నిజమే. ఇంటి దగ్గర క్లినిక్‌లో నీరు తగ్గడానికి ఫ్యూరోసెమైడ్ రాసిచ్చారు. దాంతోపాటు చూర్ణం కూడా మళ్లీ మొదలైంది. తిరిగి వచ్చేసరికి పొటాషియం 3.1.

మాటలతో ఒప్పించే ప్రయత్నం కూడా నడిచింది. అమ్మోనియాను లివర్ యూరియాగా మారుస్తుంది, మందుల్నీ మద్యాన్నీ నీళ్లలో కరిగే రూపంలోకి తెస్తుంది, కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడపోసి లీటరున్నర మూత్రం చేస్తాయి, పెద్దపేగుకు చేరేసరికి ఆ పని చాలావరకు అయిపోయి ఉంటుంది, మీ లివర్ పరీక్షలన్నీ బాగున్నాయి అని. తల ఊపారు, ఇంటికెళ్లి చూర్ణం వేసుకున్నారు. కళ్లెదుట రోజూ ఏదో బయటికొస్తున్నప్పుడు లివర్ గురించి చెప్పింది ఎక్కదు. మలంలో ముప్పాతిక వంతు నీరే, మిగిలిన ఘనపదార్థంలో పెద్ద భాగం బ్యాక్టీరియా, దానికి తోడు రాలిపోయిన పేగు కణాలు, జిగురు. ఉపవాసం ఉన్నా ఇవి తయారవుతూనే ఉంటాయి కాబట్టి ఎంత కడిగినా “ఇంకా వస్తూనే” ఉంటుంది. ఆన్‌లైన్ డీటాక్స్ కిట్లు వాడినవాళ్లు చూపించే రబ్బరులాంటి పొడుగాటి ముక్కలు కూడా చాలావరకు ఆ కిట్‌లోని ఇసబ్‌గోల్, బెంటొనైట్ మట్టి నీటిలో ఉబ్బి తయారైనవే.

పనిచేసినవి

రెండోసారి క్రమం మార్చాం. ముందు డైరీ. నాలుగు గడులు: తేదీ, టైము, మలం ఏ రకం (బ్రిస్టల్ చార్టులో 1 నుంచి 7: 1 అంటే గట్టి ఉండలు, 4 మెత్తగా సాఫీగా, 7 అచ్చం నీళ్లు), ఆరోజు ఏం వేసుకున్నారు. సలహాలేవీ లేవు. పది రోజుల తర్వాత పేజీ తెరిస్తే ఇలా ఉంది: సోమవారం రాత్రి చూర్ణం. మంగళవారం పొద్దున మూడుసార్లు, రకం 6, 7. బుధవారం గడి ఖాళీ, పక్కన “కడుపు సాఫ్ కాలే”, రాత్రి మళ్లీ చూర్ణం. గురువారం నాలుగుసార్లు, నీళ్లు. ఒకే ఒక్కచోట, పెళ్లికి ఊరెళ్లి డబ్బా మర్చిపోయినప్పుడు, రెండు రోజులు ఖాళీ, మూడో రోజు దానంతటదే రకం 4.

ఇదే రెండో కారణం. తిన్నది పెద్దపేగు దాటడానికే ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మొత్తం ఖాళీ చేశాక నిండడానికి కూడా అంతే. బుధవారం రావడానికి లోపల ఏమీ లేదు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా మామూలే అని మేం చెప్పినప్పుడు రాని నమ్మకం ఆ పెళ్లిరోజు గడి చూస్తే వచ్చింది.

మందుగా పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి 17 గ్రాములు, గ్లాసు నీళ్లలో, రాత్రిపూట. ఇది రక్తంలోకి దాదాపు ఎక్కదు, బ్యాక్టీరియా దీన్ని పులియబెట్టలేదు కాబట్టి గ్యాస్ తక్కువ, నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తగా చేస్తుంది అంతే. గురి రకం 4. మూడు రోజులు చూసి గట్టిగా ఉంటే అర సాచెట్ పెంచడం, పలచనైతే సగం తగ్గించడం, రోజురోజుకూ మార్చొద్దు. మూడు రోజులు నిండా రాకపోతే ఒక గ్లిజరిన్ సపోజిటరీ (మలద్వారంలో పెట్టుకునే మందు) పెట్టుకోవచ్చని ముందే అనుమతి ఇచ్చాం. దాన్ని వాడింది రెండుసార్లే, కానీ అది ఇంట్లో ఉందన్న ధైర్యమే చూర్ణం డబ్బా వైపు చెయ్యి పోనివ్వలేదు.

వాపు గురించి ఈసారి రాతపూర్వకంగా ఇచ్చాం: బరువు రెండు మూడు కిలోలు పెరగవచ్చు, పాదాలు ఉబ్బవచ్చు, మూడు వారాల్లో తగ్గుతుంది, పచ్చళ్లు, అప్పడాలు, ఆదివారం ఉప్పునీళ్లు బంద్, ఎవరు రాసినా నీటి మాత్ర వేసుకోవద్దు, ఆయాసం వస్తే మాత్రం వెంటనే రావాలి. మళ్లీ వాచాయి. ఈసారి ఫోన్ చేశారు, మాత్ర వేసుకోలేదు.

హిమోగ్లోబిన్ తక్కువ, వయసు నలభై ఐదు పైన కాబట్టి పొటాషియం సరిచేశాక కొలనోస్కోపీ చేయించాం. గడ్డలు లేవు. పేగు లోపలి పొర మాత్రం ముదురు గోధుమ రంగులో, పాము చర్మంలా మచ్చలు మచ్చలుగా ఉంది. మెలనోసిస్ కొలై. రిపోర్టు ఫొటో చూడగానే “చూసిన్రా, అవే టాక్సిన్స్” అన్నారు. సునాముఖిలాంటి మందులకు పేగు పొర కణాలు చచ్చిపోతే వాటిని మింగిన కణాల్లో నిలిచిన రంగు అది. రంగు వేసింది చూర్ణమేనని, మానేస్తే నెలల్లో దానంతటదే పోతుందని ఆ ఫొటో మీదే వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది.

మలం మెత్తబడింది, గ్యాస్ తగ్గింది, కానీ “పూర్తిగా రాలేదు, లోపల ఇంకేదో ఉంది” అన్న బాధ పోలేదు. మలద్వార పరీక్షలో వేలు పెట్టి, మోషన్‌కి ముక్కినట్టు ముక్కమంటే వదులు కావలసిన కండరం బిగుసుకుంది. బెలూన్ పరీక్షలో 50 మి.లీ. నీళ్లు నింపిన బెలూన్‌ను నిమిషంలోపు బయటికి తోయగలగాలి, రెండు నిమిషాలైనా రాలేదు. మానోమెట్రీ (మలద్వారం దగ్గర కండరాల ఒత్తిడి కొలిచే పరీక్ష) కూడా అదే చెప్పింది. అంటే ఆవిడ ఫిర్యాదు నిజమే. అడ్డు ఉన్నది చివరి నాలుగు అంగుళాల్లో, ఆవిడ కడిగింది పైనున్న పేగంతా. ఏళ్లుగా ఆపుకున్నవాళ్లలో ఈ తిరకాసు తరచు కనిపిస్తుంది. దీనికి మందు లేదు, శిక్షణ ఉంది: బయోఫీడ్‌బ్యాక్. వారానికొకటి చొప్పున ఆరు సెషన్లు. తెర మీద కండరం బిగుతు చూస్తూ, పొట్టతో తోస్తూ కింద వదలడం నేర్చుకోవడం.

ఇంటి దగ్గర పని ఇది. పొద్దున ఏడున్నరకు ఏదో ఒక టిఫిన్ తప్పనిసరి, కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదులుతుంది. ఇరవై నిమిషాల తర్వాత వెళ్లి కూర్చోవడం, పది నిమిషాలు మించకుండా, ఫోన్ లేకుండా. వెస్ట్రన్ కమోడ్ కాబట్టి పాదాల కింద జానెడు ఎత్తు పీట, మోకాళ్లు నడుం కన్నా పైకి వచ్చేలా. పీచు ఈసారి వారానికి 5 గ్రాములే పెంచాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 3 గ్రాముల లోపు, జొన్నలో సుమారు 10. రాత్రి అన్నం తీసేసి రెండు జొన్నరొట్టెలు, ఆఫీసులో నాలుగింటికి బిస్కెట్ల బదులు ఒక జామకాయ. ఇసబ్‌గోల్ కూడా మళ్లీ వచ్చింది, బయోఫీడ్‌బ్యాక్ అయ్యాక, ఒక్క టీస్పూను. ఈసారి ఉబ్బరం లేదు.

పచ్చి పాలకూర జ్యూసు ఆపించాం. పాలకూరలో ఆక్సలేట్ చాలా ఎక్కువ, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు రోజూ పచ్చిరసంగా, పైగా విటమిన్ సి ఉన్న ఉసిరితో కలిపి తాగితే కిడ్నీలో స్ఫటికాలు పేరుకునే ప్రమాదం ఉంది. క్రియాటినిన్ 0.9కి దిగింది. అది జ్యూసు ఆపడం వల్లా, నీరు నిండడం వల్లా అన్నది విడదీసి చెప్పలేం. వారానికి రెండుసార్లు పాలకూర పప్పు తినొచ్చు, పక్కన పెరుగుంటే అందులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది.

ఓపీలో గుర్తుంచుకోవలసినవి

మందుల జాబితా అడిగేటప్పుడు చూర్ణం, కషాయం, జ్యూసు, కిట్ అని పేర్లు పెట్టి అడగాలి, లేబుల్ చూడాలి. ఆయుర్వేదంలో విరేచనం అంటే ముందు తయారీ, తర్వాత పథ్యం ఉన్న, వైద్యుడి ఎదుట జరిగే చికిత్స. డబ్బా మీద ఆ పేరుంటే అది ప్రతి రాత్రీ తినేదయిపోదు.

మలబద్ధకం పేషెంట్‌కు డయూరెటిక్ రాసేముందు విరేచనాల మందు వాడుతున్నారేమో కనుక్కోవాలి. క్లోర్‌థాలిడోన్ అయితే మరీను, అది రెండు మూడు రోజులు ఒంట్లో ఉండి పనిచేస్తుంది. టెల్మిసార్టాన్ తిరిగి మొదలుపెట్టేటప్పుడు పొటాషియం సిరప్ ఆపేయాలి, రెండూ కలిస్తే ఈసారి పొటాషియం ప్రమాదకరంగా పెరుగుతుంది. మేం సిరప్ ఆపి, క్రియాటినిన్ దిగాక టెల్మిసార్టాన్ ఒక్కటే ఇచ్చి, వారానికి పరీక్ష చేశాం: 4.3.

మలద్వార పరీక్షకు మొహమాటపడి వాయిదా వేయడం మన ఓపీల్లో మామూలు. అడిగి, ఒప్పించి, లేడీ నర్సును పక్కన ఉంచుకుని మొదటి విజిట్‌లోనే చేయాలి. ముక్కమన్నప్పుడు కండరం బిగుసుకుంటే ఇసబ్‌గోల్‌తో మొదలుపెట్టకూడదు.

ఆరు నెలలకు పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రోజు విడిచి రోజుకు తగ్గింది, పిక్కల నొప్పులు లేవు, బీపీ 128/80. మెలనోసిస్ పోయిందో లేదో చూడటానికి కొలనోస్కోపీ మళ్లీ చేయమని ఆవిడే అడిగారు. ఆ రంగు వల్ల హాని లేదు, వైద్యం అక్కర్లేదు, దానికోసం మళ్లీ పేగు ఖాళీ చేయించడం అనవసరమని చేయలేదు. మూడు నెలలకోసారి పొటాషియం, క్రియాటినిన్ మాత్రం చూస్తున్నాం, వచ్చేటప్పుడు డైరీ తెమ్మంటున్నాం.